పునాదికీ దాహం వేస్తుంది

ఎండాకాలంలో మీ ఇంటి తలుపు బిగుసుకుపోతే ఏం చేస్తారు? వడ్రంగిని పిలిపిస్తారు. అతను వచ్చి చిత్రిక పట్టి, నాలుగు పొరలు తీసి, కూలి పుచ్చుకుని వెళ్తాడు. తీరా వానాకాలం వచ్చేసరికి అదే తలుపు వదులైపోయి గడియ సరిగా పడదు. కలప మంచిది కాదనో, వడ్రంగికి పని రాదనో అనుకుని ఊరుకుంటాం. పాపం, వాళ్లిద్దరి తప్పూ లేదు. వానల్లో ఉబ్బడం, ఎండల్లో చిక్కడం కొయ్యకు స్వభావం. శ్రావణమాసంలో తలుపు బిగిసిందంటే అది కొయ్యగుణం. మే నెలలో, నిప్పులు చెరిగే ఎండల్లో బిగిసిందంటే మాత్రం కాస్త ఆలోచించవలసిందే. కొయ్య చిక్కవలసిన రోజుల్లో తలుపు పట్టేస్తోందంటే ద్వారబంధం ఒక పక్కకు ఒరిగి ఉండాలి. ద్వారబంధం ఒరిగిందంటే గోడ కదిలి ఉండాలి. గోడ కదిలిందంటే దాని కింద నేల కదిలిందన్నమాట.

సోదరీమణులారా, ఈ సంగతి ఇంట్లో అందరికంటే ముందు తెలిసేది మనకే. రోజుకు ఇరవైసార్లు ఆ తలుపు తీసి వేసేది మనం. కిటికీ మూల నుంచి ఏటవాలుగా వెంట్రుకవాసి గీత ఒకటి పైకి పాకుతుంటే, బూజు దులిపేటప్పుడు కనిపెట్టేదీ మనమే. అందుకే ఇంజనీర్లు చెప్పవలసిన మాటలు నేను చెప్పబోతున్నాను. చదువుకున్నది మెట్రిక్యులేషన్ వరకే అయినా, తెలిసినవాళ్లను అడిగి, కళ్లతో చూసి తెలుసుకున్న సంగతులివి.

ముందుగా ఒక హెచ్చరిక. ఇదంతా నల్లరేగడి నేల మీద ఇళ్లు కట్టుకున్నవారి విషయం. గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాల వాళ్లకూ, ఒంగోలు వైపు పత్తిచేల మధ్య ఊళ్ల వాళ్లకూ, నంద్యాల, ఆదోని, ఆదిలాబాదు వాళ్లకూ ఈ నేల గుణం నేను చెప్పనక్కరలేదు. ఎర్రనేలలో, ఇసుకనేలలో, రాతి మీద ఇల్లు కట్టుకున్నవారు ఇది చదివి పునాదులకు నీళ్లు పెట్టడం మొదలుపెట్టకండి. మీకు ఆ అవసరమే లేదు.

నల్లరేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే ఒక బంకమట్టి ఖనిజం ఉంటుంది. పేరు నోరు తిరగనిదే గాని అది చేసే పని తేలికగానే అర్థమవుతుంది. పుస్తకంలో కాగితాల్లాగా అతి సన్నని పొరలు పొరలుగా ఉంటుంది అది. నీరు ఆ పొరల మధ్యకు దూరి వాటిని ఎడంచేస్తుంది. నీరు పోతే పొరలు మళ్లీ దగ్గరకు వచ్చేస్తాయి. రాత్రి గిన్నె నిండా శనగలు పోసి నీళ్లు పోసి మూత పెడితే తెల్లవారేసరికి మూత పైకి లేచి ఉంటుంది చూశారూ, ఆ మూత స్థానంలో మన ఇల్లున్నదనుకోండి. వేసవిలో ఇదే నేల నెర్రెలు విచ్చుతుంది. పొలాల్లో ఆ నెర్రెల్లో కర్ర దింపితే మోచేతి లోతు దాటి పోతుంది. పైమట్టి రాలి ఆ నెర్రెల్లో పడి, వానలకు మళ్లీ ఉబ్బి, ఏటేటా కింద మీదవుతూ ఉంటుంది. శాస్త్రవేత్తలు ఈ జాతి నేలలకు వర్టిసోల్స్ అని పేరు పెట్టారు. తిరగబడే నేల అని ఆ పేరుకు అర్థం. తనను తాను దున్నుకునే నేల పత్తిరైతుకు వరమే. దాని మీద గోడ కట్టుకున్నవాడికి అంత వరమేమీ కాదు.

అయితే నేల ఉబ్బినా, కుంగినా ఇల్లంతా ఒక్కమాదిరిగా లేచి ఒక్కమాదిరిగా దిగితే మనకు ఏ బాధా లేదు. పడవలో కూర్చున్నట్టు ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, అన్నిచోట్లా ఒక్కమాదిరిగా జరగదు. ఇంటి నడిమధ్య గదుల కింద నేలకు ఎండా తగలదు, వానా తగలదు. అక్కడి తేమ ఏడాది పొడుగునా ఇంచుమించు ఒక్కలాగే ఉంటుంది. బయటి గోడల కింద మట్టి మాత్రం ఎండకు ఎండి, వానకు నాని, కాలంతో పాటు మారుతుంది. ఇంటి మూలలకు రెండు వైపుల నుంచీ ఎండ దెబ్బే, కనుక అవి ఇంకా ఎక్కువ కదులుతాయి. పడమటి గోడ, దక్షిణపు గోడ ఎక్కువ ఎండుతాయి. గోడ పక్కన పెద్ద చెట్టున్నదా, దాని వేళ్లు ఉన్న తేమ కాస్తా పీల్చేస్తాయి. ఇంకో పక్క స్నానాలగది పైపు కారుతున్నదా, అక్కడ మండువేసవిలో కూడా వానాకాలమే. ఇలా ఒక మూల కుంగి, ఇంకో మూల లేచి, మధ్యలో గోడ ఎటూ పోలేక పగులుతుంది. కిటికీల మూలల దగ్గర గోడ బలహీనం కాబట్టి అక్కడి నుంచే బీట మొదలవుతుంది.

మా వీధిలో ఒక మేష్టారుగారు పదవీవిరమణ తరువాత ప్రావిడెంటు ఫండు డబ్బంతా పెట్టి మూడు గదుల ఇల్లు కట్టుకున్నారు. ఇది 2016 నాటి మాట. మూడో వేసవికి పడమటి గదిలో బీట వచ్చింది. సంక్రాంతికి సిమెంటు పూసి రంగు వేయించేవారు, మళ్లీ మే నెలకు అది నోరు తెరిచేది. ఎవరో వాస్తు తెలిసినాయన వచ్చి, ఈశాన్యం బరువైందని, వంటింటి తలుపు తీసి మరోచోట పెట్టాలని చెప్పి వెళ్లాడట. మరొకాయన ఇల్లు మొత్తం జాకీలతో లేపాలని, లక్షల్లో అవుతుందని చెప్పాడట. పిన్నిగారికి రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

“ఏమమ్మా, గోడ బీటలిస్తే ఇంటికి అరిష్టమంటున్నారు. శాంతి చేయించమంటావా?” అని నన్నడిగారు.

“చేయించుకోండి పిన్నిగారూ, నేను కాదనను. ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూద్దాం రండి” అన్నాను.

తిరిగి చూస్తే ఏముంది? ఈశాన్యపు మూలన బట్టలుతికే బండ. దాని నీళ్లు కాలవలోకి పోకుండా గోడ మొదట్లోనే నిలిచి, అక్కడ ఏడాది పొడుగునా నాచు పట్టి ఉన్నది. వాస్తు ఆయన చెప్పినట్టు ఈశాన్యంలో తంటా ఉన్నమాట నిజమే, అది బరువు తంటా కాదంతే! పడమటి వైపు చూడబోతే చుక్క నీరు లేదు. గోడకు ఆరడుగుల దూరంలో కానుగచెట్టు. గోడకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు. ఒకే ఇంటికి ఒక పక్క వరద, ఒక పక్క కరువు. ఆర్ అండ్ బీలో పనిచేసి దిగిన ఇంజనీరుగారొకరిని తీసుకువచ్చి చూపిస్తే, ఆయన కూడా తలుపు తీయించమనలేదు, జాకీలూ పెట్టమనలేదు. ముందు రెండు పక్కలా తడి సమానం చేయండి, ఒక ఏడాది చూసి మాట్లాడదాం అన్నారు. ఆ ఏడాది ఏం చేశారో చివర చెబుతాను.

పునాదికి నీళ్లు తగలకూడదని గదా మన పెద్దలు చెబుతారు, ఇదేమిటీ విడ్డూరం అనుకుంటున్నారేమో. పెద్దల మాటలో అబద్ధం లేదు. గోడ మొదట్లో నీరు నిలిస్తే ఏ నేలలోనైనా చెడుపే. నల్లరేగడిలో మాత్రం దానికి రెండో సగం కూడా చేర్చుకోవాలి: గోడ మొదట్లో నేల ఎండి నెర్రె విచ్చినా చెడుపే.

ఈ రెండో సగాన్ని బాగా పట్టించుకున్నవాళ్లు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం వాళ్లు. డాలస్ చుట్టుపక్కల నేల అచ్చం మన నల్లరేగడి లాంటిదే. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు, నల్లనేల మైదానమని. అక్కడా ఒకప్పుడు పత్తే పండేది. ఇప్పుడు ఆ పత్తిచేల మీద ప్లేనో, ఫ్రిస్కో, అర్వింగ్ వంటి ఊళ్లు పెరిగి, వాటిలో మన తెలుగువాళ్లు వేలకొద్దీ ఇళ్లు కొనుక్కున్నారు. మా చెల్లెలి కూతురు కూడా అక్కడే ఉంటుంది. ఇల్లు కొన్న కొత్తలో ఫోను చేసి, “పెద్దమ్మా, ఇక్కడ మొక్కలకు పెట్టినట్టు ఇంటికి కూడా నీళ్లు పెట్టాలట!” అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మేష్టారుగారి పడమటి గోడ కళ్లముందు మెదిలింది.

అక్కడి ఇళ్లకు మనలాగా గోడల కింద లోతుగా తవ్వి రాతికట్టు కట్టరు. నేల మీదనే ఒక పెద్ద కాంక్రీటు పలక పోసి, దాని మీద ఇల్లు నిలబెడతారు. వేసవిలో పలక అంచుల కింద మట్టి కుంచించుకుపోతే అంచులు వంగుతాయి. 2011లో టెక్సాస్‌లో మహా కరువు వచ్చింది. అలాంటి ఏడు వస్తే అక్కడి ఇళ్ల గోడలకూ ఇదే అవస్థ. అందుకని ఇంటి చుట్టూ సోకర్ హోస్ అనే గొట్టం పరుస్తారు. మనం ఊటపైపు అందాం. పాత టైర్ల రబ్బరును పొడి చేసి తయారు చేస్తారట. కొళాయికి తగిలిస్తే ఒంటినిండా చెమట పట్టినట్టు పొడుగునా నీరు ఊరుతుందే గాని ఎక్కడా చిమ్మదు, ధార కట్టదు. గోడకు ఆనించకుండా అడుగు, అడుగున్నర దూరంలో, రెండు మూడు అంగుళాల మట్టి కిందనో ఆకుల కిందనో పెడతారు. మడి కట్టి నీళ్లు పెట్టడం దాని ఉద్దేశం కాదు. ఇంటి నడిమధ్య నేలలో ఎంత తేమ ఉన్నదో అంచులకూ ఇంచుమించు అంత ఉండేట్టు చూడడమే దాని పని.

అడుగున్నర దూరం ఎందుకంటే, గోడకు ఆనించి పెడితే నీరు ఆ సందు వెంట నేరుగా పునాది అడుక్కు జారిపోతుంది. అక్కడొక్కచోటే నాని, మిగతాది ఎండగానే ఉంటుంది. వైద్యం చేయబోతే కొత్త రోగం! ఇదే కారణానికి, గోడ పక్క సందు కనబడగానే బక్కెట్లతో నీళ్లు పోసి నింపకండి. ఇసుకతోనో, సిమెంటు పాలతోనో కూడా పూడ్చకండి. వానలకు మట్టి మళ్లీ ఉబ్బినప్పుడు దానికి చోటు లేక గోడను నెడుతుంది. దూరం నుంచి కొద్దికొద్దిగా వారాల తరబడి తడుపుతూ ఉంటే సందు దానంతటదే మూసుకుంటుంది.

ఇక మన ఇళ్ల సంగతి. మనకు ఆ రబ్బరు పైపే కావాలని లేదు. మిరపచేలకూ, తోటలకూ వాడే డ్రిప్పు పైపు ప్రతి పట్నంలోనూ దొరుకుతుంది. అడుగుకొక రంధ్రం చొప్పున, గంటకు రెండు లీటర్లు కార్చే రకం అడిగి తెచ్చుకోండి. ముప్ఫై అడుగులు, నలభై అడుగులు ఉన్న ఇంటికి చుట్టుకొలత నూట నలభై అడుగులు. అడుగున్నర ఎడంగా వేస్తాం గనుక నూట యాభై పైచిలుకు అడుగుల పైపు పడుతుంది. అంటే నూట యాభై చుక్కలనుకోండి, గంటకు మూడు వందల లీటర్లు. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున వదిలితే, వారం మొత్తానికి మూడు వందల లీటర్లే. పెద్ద బిందెలతో ఇరవై బిందెలు. మేడ మీద ట్యాంకు నుంచి వదిలేవాళ్లకు ఒత్తిడి చాలక ఇంకా తక్కువ కారుతుంది. ఒక రంధ్రం కింద గ్లాసు పెట్టి చూడండి. ఆరు నిమిషాలకు రెండు వందల మిల్లీలీటర్లు పడితే సరి. సగమే పడితే రెట్టింపు సేపు వదలాలి. పైపు ఒకటే పొడుగ్గా చుట్టేస్తే కొళాయి దగ్గర ఎక్కువా, చివర తక్కువా కారుతుంది. మళ్లీ హెచ్చుతగ్గులే గదా! అందుకని రెండు ముక్కలు చేసి, కొళాయి నుంచి చెరొక వైపుకు ఒకటి తీసుకువెళ్లండి. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువైతే రంధ్రాలు పూడిపోతాయి, మొదట్లో ఒక జల్లెడ బిగించుకోవాలి.

వేసవిలో తాగడానికే నీళ్లు లేక ట్యాంకర్ల కోసం కాసుకుని కూర్చుంటే, ఈవిడ మట్టికి పోయమంటున్నదేమిటని కొందరికి కోపం రావచ్చు. న్యాయమైన కోపమే. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇంట్లో ఈ పని చేయమని నేను చెప్పను. అలాంటి చోట చేయవలసింది వేరే ఉన్నది, నన్నడిగితే పైపు కంటే అదే ముందు కూడాను. ఇంటి చుట్టూ కనీసం మూడు నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలుగా చప్టా వేయించండి. చప్టా కింద మట్టికి ఎండ తగలదు, వాన దిగదు. గోడకూ, ఎండావానలకూ మధ్య గొడుగు పట్టినట్టు ఉంటుంది. చప్టా పగిలితే వెంటనే పూడ్చుకోవాలి. చప్టా ఉన్నవాళ్లు పైపు వేసుకుంటే దాని అంచుకు బయట వేసుకోవాలి. బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు పోసుకోండి; రోజూ ఒక్కచోటే కాకుండా ఇంటి చుట్టూ తిప్పి పోయండి. సబ్బునీళ్లూ, నీటి శుద్ధి మిషను వదిలే ఉప్పునీళ్లూ మాత్రం ఇందుకు పనికిరావు. సబ్బులో సోడియం ఈ బంకమట్టిని మరింత పాడుచేస్తుంది.

చప్టా కంటే కూడా ముందు చూసుకోవలసింది కారే పైపులు. వేసవి అంతా గోడ పక్కన పచ్చగా గడ్డి మొలిచిన చోటు ఎక్కడున్నదో చూడండి. దాని కింద ఏదో కారుతూ ఉంటుంది. డాబా మీది వాననీటి గొట్టం గోడ మొదట్లోనే వదిలిపెట్టి ఉంటే దాన్ని దూరంగా తిప్పించండి. ఇంకుడుగుంత మంచిదే, తవ్వించమని నేనూ చెబుతాను. నల్లరేగడిలో మాత్రం స్థలం ఉన్నంతమేర గోడకు దూరంగా తవ్వించండి. చెట్ల విషయంలో ఒక మాట. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో కనీసం అంత దూరంలో నాటుకోవడం మేలు. మన స్థలాల్లో అది సాగే మాట కాదని నాకూ తెలుసు, అందుకే ఇరుకు దొడ్లలో రావి, వేప, నీలగిరి వద్దంటాను. ఇప్పటికే ఉన్న పెద్దచెట్టును పీడ పోతుందని ఒక్కరోజులో కొట్టించకండి. ఇన్నాళ్లూ అది పీల్చుకున్న తేమ నేలలోకి మళ్లీ చేరి, కుంగిన మూల ఈసారి పైకి లేస్తుంది.

కొత్తగా కట్టుకోబోయేవాళ్లు నాకంటే అదృష్టవంతులు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఈ నేలల కోసమే అండర్‌రీమ్డ్ పైల్ అనే పద్ధతిని పైకి తెచ్చారు. సన్నని గుంత లోతుగా తవ్వి, అడుగున గంటలాగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన మట్టి ఎంత ఎగిరిపడినా, ఎండావానల ప్రభావం చేరని లోతులో ఆ గంట ఇంటిని పట్టుకుని ఉంటుంది. లోతైన నల్లరేగడిలో మూడున్నర మీటర్లకు తక్కువ కాకూడదంటారు. ఖర్చు కొంత ఎక్కువే, అయినా నగల్లో ఒకటి తగ్గించుకుని దీనికి పెట్టమంటాను. ఇంకొకటి, ఇది మేస్త్రీ పని చేయిస్తున్నప్పుడు మీరు దగ్గరుండి చూడవలసింది: పునాది తవ్విన నల్లమట్టినే తిరిగి గదుల్లో నింపి, దాని మీద గచ్చు వేసేస్తారు. వద్దని చెప్పండి. గచ్చు కింద గ్రావెలే నింపించండి. లేకపోతే రెండేళ్లకు టైల్సు లేచి, నడుస్తుంటే డప్పు చప్పుడు వినిపిస్తుంది.

బీట కనిపించగానే కంగారు పడకండి. సున్నం పూతలో వెంట్రుకవాసి గీతలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. బీట రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ వేయండి. సన్నని గాజుముక్క ఒకటి బీటకు అడ్డంగా రెండు చివరలా గట్టిగా అతికించండి. గోడ కదులుతుంటే గాజు పగిలి చెబుతుంది. మే నెలాఖరున ఒకసారి, అక్టోబరులో ఒకసారి చూసుకుంటే, అది రుతువులతో తెరుచుకుని మూసుకునే బీటా, ఏకంగా పెరిగేదా తెలిసిపోతుంది. పెరిగేదైతే, లేదా పెన్సిలు దూరేంత అయితే, పైపులూ చప్టాలూ అంటూ కాలయాపన చేయకుండా ఇంజనీరును పిలవండి. వంగిన గోడను పైపు నిలబెట్టదు.

మేష్టారుగారింట్లో బట్టల బండ నీళ్లకు సిమెంటు కాలవ కట్టించి వీధి కాలవలో కలిపారు. కానుగ కొమ్మలు సగం కొట్టించారు. ఆ మరుసటి ఫిబ్రవరి నుంచే, ఎండలు ముదరకముందే, పడమటా దక్షిణాన డ్రిప్పు పైపు వేశారు. ఆలస్యంగా మొదలుపెట్టి ఒక్కసారి ఎక్కువ నీళ్లు వదిలితే మంచి కంటే చెడు ఎక్కువని ఇంజనీరుగారు గట్టిగా చెప్పారు. పిన్నిగారు వారానికి రెండుసార్లు తెల్లవారుజామున ముగ్గు వేసేముందు కొళాయి తిప్పి, ముగ్గయ్యాక కట్టేస్తారు. అరగంట లెక్క ఆవిడకు అలా కుదిరింది. పది రోజులకొకసారి పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకుని మట్టిలో గుచ్చి చూస్తారు. చేతిబలంతో జానెడు దిగితే చాలు. దిగకపోతే ఇంకాస్త తడపాలి, బురద అంటుకుంటే ఒక వారం మానెయ్యాలి. పాత బీట మాయమైపోయిందని నేను అబద్ధమాడను, అది అక్కడే ఉన్నది. రెండు వేసవులు దాటినా పెన్సిలు గీత దాటలేదు, గాజు పగల్లేదు. ఆ తరువాతనే దాన్ని పూడ్చి రంగు వేయించారు. తలుపుకు చిత్రిక పట్టించే పని మళ్లీ పడలేదు.

తొలకరి పడి, రెండు మంచి వానలు కురిసి నేల మెత్తబడ్డాక కొళాయి కట్టేయండి. పైపులో మిగిలిన నీరంతా దులిపి, చుట్టచుట్టి నీడన పెట్టుకోండి. ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది, గోతాల మధ్య పడేస్తే ఎలుకలు కొరుకుతాయి.